ఎవరి పెట్రోలు వారే పోసుకోవలెను

ఎవరి పెట్రోలు వాళ్లు పోసుకుంటే మనిషికి ఆత్మగౌరవం పెరుగుతుందన్న సంగతి మా ఆయిల్ కంపెనీకి ఈ మధ్యనే తెలిసింది. తెలిసిన మర్నాడే డీలర్లందరికీ సర్క్యులర్ పంపారు. అందులో ఆత్మగౌరవం అనే మాట ప్రతి పేరాలోనూ ఉంది. పెట్రోలు అనే మాట ఒక్క చోటే ఉంది, అదీ అడుగున చిన్న అక్షరాల్లో.

ఈ జ్ఞానం ఎలా కలిగిందో కూడా ఆ సర్క్యులర్‌లోనే రాశారు. కంపెనీలో అందరికంటే పెద్ద అధికారి ఒకాయన అధ్యయనం కోసం విదేశాలకు వెళ్లారట. అక్కడొక బంకులో, జోరున కురుస్తున్న వానలో, బట్టతల ఆసామి ఒకాయన కారు దిగి ఎవరి సాయమూ లేకుండా తన పెట్రోలు తానే పోసుకుంటూ కనిపించాడట. మన పెద్దాయన అది చూసి కదిలిపోయారట. ఆ దేశంలో పోసేవాడికి జీతమిచ్చే ఉద్దేశం బంకువాళ్లకు లేదు కాబట్టే ఆ బట్టతల తడుస్తోందని పక్కనున్నవాళ్లెవరూ చెప్పినట్టు లేదు. తిరుగు విమానంలోనే ఆయన పథకానికి స్వహస్త ఇంధన పథకం అని పేరు పెట్టేశారు.

నా పేరు జోగారావు. అనకాపల్లి నుంచి తుని వెళ్లే దారిలో రేగిపాలెం అడ్డరోడ్డు దగ్గరున్న పెట్రోలు బంకు నాది. పెద్ద బంకేం కాదు. రెండు పంపులు, ఒక ఆఫీసు గది, ‘ఉచితంగా గాలి పట్టబడును’ అని ఒక బోర్డు, గాలి మిషను రిపేరులో ఉన్నదని ఇంకో బోర్డు, పంపుల దగ్గర పైడమ్మ. ఈ అన్నిటిలోకీ ఎప్పుడూ రిపేరుకు రానిది పైడమ్మ ఒక్కతే.

పైడమ్మ మొగుడు గుర్రయ్య తాటిచెట్టు మీద నుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. అప్పటినుంచి అతను మంచం మీద పడుకుని ఊరందరికీ సలహాలిస్తుంటాడు. ఇల్లు నడిచేది పైడమ్మ ఉద్యోగం మీదే. ఆవిడ గొంతు హైవే అవతలి టీ కొట్టుకు వినబడుతుంది. బండి ఆగగానే మీటరు వైపు చెయ్యి చూపించి, “జీరో సూసుకోండి బాబూ” అంటుంది. సున్నా చూసుకుని తల ఊపితే తప్ప చుక్క పొయ్యదు. ముగ్గురెక్కిన మోటారు సైకిలు వస్తే మూడోవాణ్ని దింపి, చీవాట్లు పెట్టి, అప్పుడు పోస్తుంది. ఆవిడంటే నాకు గౌరవం, కొంచెం భయం కూడా. తుపాను వచ్చి ఊళ్లన్నీ చీకట్లో ఉన్నప్పుడు నేను ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకుంటే, ఆసుపత్రి బండ్లకు డీజిలు పోస్తూ బంకులో నిలబడింది ఆవిడే. ఆవిణ్ని పనిలోంచి తీసెయ్యమంటే నా వల్ల కాదు. ఇది ముందే చెప్పేస్తున్నాను.

సర్క్యులర్ వెనకాలే పరాంకుశం గారు దిగారు. ఆయన స్వహస్త విభాగానికి ప్రాంతీయ అధికారి. నుదుటిన సన్నటి నామం, మెడలో కంపెనీ కార్డు, చేతిలో కొలతల టేపు. మామూలు మనుషులు ఉంది అనే చోట ఆయన కలదు అంటారు. మా బంకును ప్రయోగానికి ఎంపిక చేశారనీ, ఇది మా అదృష్టమనీ, నెల పాటు ఇక్కడ వినియోగదారులు తప్ప మరొకరు నాజిల్‌ను తాకకూడదనీ చెప్పారు. నెలాఖరుకు ప్రయోగం ఫలిస్తే మాది ఆదర్శ బంకు అవుతుంది, సిబ్బందిని శాలువా కప్పి సాగనంపుతారు. మధ్యలో ఎవరైనా నాజిల్‌ను తాకినట్టు తేలితే డీలర్‌షిప్ రద్దు.

అంటే పథకం గెలిస్తే పైడమ్మ పోతుంది. ఓడితే బంకు పోతుంది, బంకుతో బాటు పైడమ్మా పోతుంది. ఆవిడ ఇక్కడ ఎంతోకాలంగా పనిచేస్తోందని ఏదో గొణిగాను. అందుకే శాలువా కలదు అన్నారు పరాంకుశం గారు.

నెల తిరిగేవరకు పైడమ్మకు ఒక హోదా ఇచ్చారు. స్వయంసేవా ప్రేక్షకురాలు. పంపు పక్కన నిలబడి వినియోగదారులు పోసుకుంటుంటే చూడాలి, సాయం మాత్రం చెయ్యకూడదు. ఆవిడ అంతా విని ఒక్కటే అడిగింది.

“మరి నా సేతులేటి సెయ్యాల బాబూ?”

పరాంకుశం గారు సంచీలోంచి మార్గదర్శకాలు తీసి చూశారు. చేతులను వెనుకకు కట్టుకొనవలెను అని చదివి వినిపించారు.

మొదటి చిక్కు సున్నా దగ్గరే వచ్చింది. మా కంపెనీలో పాత నిబంధన ఒకటుంది. పెట్రోలు పోసే వ్యక్తి మర్యాదగా నమస్కరించి, మీటరు మీద సున్నా చూపించాలి. పోయించుకునే వ్యక్తి దాన్ని చూసి, చూశానని నోటితో చెప్పాలి. అలా కాకుండా జరిగిన అమ్మకం చెల్లదు. పోసేవాడూ పోయించుకునేవాడూ ఒకడే అయినప్పుడు ఎవరు ఎవరికి చూపిస్తారని నేను అడిగాను. నిజానికి పథకం అక్కడే ఆగిపోతుందని ఆశపడి అడిగాను.

పరాంకుశం గారు ఆ పూటంతా ఆలోచించారు. పాత నిబంధన పెట్టింది మర్యాదల విభాగం, కొత్తది స్వహస్త విభాగం. ఒకరి నిబంధనను ఇంకొకరు కొట్టేస్తే ఆ రెండు విభాగాల మధ్య కాగితాలు ఎగరడం మొదలవుతుంది. కాబట్టి రెండూ అమలు కావాలి. ఆయన పెయింటరును పిలిపించి ప్రతి పంపు ముందూ నేల మీద రెండు గళ్లు గీయించారు. ఆకుపచ్చ గడిలో సేవకుడు అని, పసుపు గడిలో వినియోగదారుడు అని రాయించారు. వచ్చిన మనిషి ఆకుపచ్చ గడిలో నిలబడి, ఖాళీగా ఉన్న పసుపు గడికి నమస్కారం పెట్టి, “జీరో చూసుకోండి సార్” అనాలి. తర్వాత పసుపు గడిలోకి నడిచి, మీటరు చూసి, “చూశాను, పోయండి” అనాలి. మళ్లీ ఆకుపచ్చ గడిలోకి వచ్చి పోసుకోవాలి. ఇది ఎవరు చేస్తారని నాకు నవ్వొచ్చింది. మనవాళ్ల సంగతి నాకప్పటికింకా సరిగ్గా తెలియదు. గీత గీసి, దాని పక్కన పేరు రాస్తే, మనవాళ్లు దానిలో నిలబడి తీరతారు.

మొదట వచ్చింది తవిటయ్య మాస్టారు. రిటైరైన హెడ్మాస్టరు, తెల్ల పంచె, పాత స్కూటరు. ఆయన బోర్డు మొత్తం చదివి, కళ్లజోడు సర్దుకుని, ఆకుపచ్చ గడిలో చేతులు జోడించి నిలబడ్డారు. పసుపు గడిలోకి వెళ్లి కాసేపు మీటరు పరీక్షించారు. నమస్కారంలో శ్రద్ధ కనిపించలేదని చెప్పి, తనను తాను వెనక్కి పంపి, మళ్లీ పెట్టించుకున్నారు. వెనక బండ్లు హారన్లు కొడుతున్నా ఆయన తొణకలేదు. పైడమ్మ చేతులు వెనక్కి కట్టుకుని, పళ్లు బిగించి చూస్తూ నిలబడింది.

వారం తిరిగేసరికి ఊరు అలవాటు పడిపోయింది. కుర్రాళ్లు రెండు గళ్ల మధ్య గంతులేస్తూ నమస్కారాలు పెట్టుకునేవాళ్లు. కల్లు దుకాణం నుంచి వచ్చే పెద్దమనుషులు పసుపు గడిలో నిలబడి, సేవకుడు ఇంకా రాలేదేమని విసుక్కునేవాళ్లు. మావాళ్లకు గుండ్రని లెక్క మీద నమ్మకం లేదు. వందకు పోయమంటే మీటరులో మోసం ఉంటుందని నూటపదికి పోయించుకుంటారు. ఎరువుల కొట్టు అప్పన్న తన చేత్తో తానే నూటపదికి పోసుకుని కూడా కొలత తగ్గిందని గొడవ పెట్టాడు. పోసినవాడి సంగతి తనకు బాగా తెలుసునన్నాడు.

దీంతో ఆగినా బాగుండేది. మర్యాదల విభాగం వాళ్లు వెనకబడిపోయామనుకున్నారో ఏమో, పంపు పక్కన ఒక మొహాల యంత్రం బిగించారు. నవ్వే మొహం, మామూలు మొహం, ఏడ్చే మొహం, మూడు బొత్తాలు. సేవ ఎలా జరిగిందో చెప్పడానికి వినియోగదారుడు ఏదో ఒకటి నొక్కితే గానీ నాజిల్ తిరిగి పంపులో కూర్చోదు. మొదట్లో అందరూ నవ్వే మొహమే నొక్కారు. అప్పుడు విజిలెన్సు వాళ్ల నుంచి తాఖీదు వచ్చింది. వినియోగదారులు సేవకుల పట్ల పక్షపాతం చూపుతున్నట్టు కనబడుతున్నదనీ, వారి మధ్య ఏదైనా బంధుత్వం కలదేమో విచారించాలనీ రాశారు. భయపడి జనం ఏడ్చే మొహం నొక్కడం మొదలుపెట్టారు. అప్పుడు సేవకుల మీద క్రమశిక్షణ చర్యలెందుకు తీసుకోలేదని మర్యాదల విభాగం అడిగింది.

ఆ చర్యలకు మొదట దొరికింది తవిటయ్య మాస్టారే. ఒకరోజు పోసుకుంటుండగా పంచె మీద పెట్రోలు చిందింది. ఇంకొకరైతే తిట్టుకుని ఊరుకునేవారు. మాస్టారు జీవితంలో దేన్నీ ఊరుకున్న మనిషి కాదు. సేవకుడు నిర్లక్ష్యంగా ప్రవర్తించి, కనీసం క్షమాపణ కూడా చెప్పలేదని ఏడ్చే మొహం నొక్కి, పైగా కంపెనీకి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చారు.

విచారణ మా ఆఫీసు గదిలో జరిగింది. పరాంకుశం గారు మధ్య కుర్చీలో, నేను సాక్షిగా గోడ వారన, మాస్టారు ఎదురుగా. ఫిర్యాదుదారు కుర్చీలో కూర్చుని మాస్టారు జరిగినదంతా చెప్పారు. తర్వాత లేచి వెళ్లి నిందితుడి స్టూలు మీద కూర్చున్నారు. పంచె తనదే కాబట్టి పెద్ద నష్టం జరగలేదని వాదించారు. వెంటనే లేచి మొదటి కుర్చీలోకి వచ్చి, ఈ రకం మనుషులు తప్పు ఒప్పుకోవడం తన సర్వీసులోనే చూడలేదన్నారు. రాజీ పడమని పరాంకుశం గారు బతిమాలారు. పోనీ ఒక్క మాట, పొరపాటయిందని చెబితే సరిపోతుందన్నారు. స్టూలు మీద మాస్టారు చెప్పడానికి సిద్ధపడ్డారు గానీ కుర్చీలో మాస్టారు ఒప్పుకోలేదు. భయపడి చెప్పే క్షమాపణ తనకు అక్కర్లేదన్నారు.

తీర్పు రెండు భాగాలు. వినియోగదారుడైన తవిటయ్య గారికి కంపెనీ విచారం వ్యక్తం చేస్తూ తాళాలు తగిలించుకునే గొలుసొకటి బహూకరించింది. సేవకుడైన తవిటయ్యను పక్షం రోజులు సస్పెండు చేసింది. గొలుసు తీసుకుని మాస్టారు బయటికొచ్చి స్కూటరు దగ్గర నిలబడ్డారు. వినియోగదారుడిగా ఆయనకు పెట్రోలు తీసుకునే సర్వహక్కులూ ఉన్నాయి. పోసే మనిషే లేడు. నేను పొయ్యకూడదు, పైడమ్మ పొయ్యకూడదు. ఆయన న్యాయం జరిగిందన్న తృప్తితో స్కూటరు తోసుకుంటూ ఇంటికి వెళ్లిపోయారు.

ఇది చూసి మిగతా జనం తెలివి మీరారు. నా బండికి నువ్వు పొయ్యి, నీ బండికి నేను పోస్తానని జతలు కట్టారు. రెండు రోజులు హాయిగా గడిచింది. పరాంకుశం గారికి తెలిసి పరిగెత్తుకొచ్చారు. అది పరస్పర సేవ అనీ, పరస్పర సేవ స్వయంసేవకు బద్ధశత్రువనీ ప్రకటించారు. ఆయన బాధ నిజమైన బాధే.

అదే రోజు ఒక పెద్ద కారొచ్చింది. వెనక సీట్లో యజమాని, ముందు డ్రైవరు. డ్రైవరు దిగి ఆకుపచ్చ గడిలో నిలబడబోతే పరాంకుశం గారు ఆపారు. పెట్రోలెవరిది అన్నారు. వెనకాయనది అన్నాడు డ్రైవరు. అయితే వెనకాయనే దిగాలి. ఆయన దిగనన్నాడు. డ్రైవరు ఉన్నదెందుకన్నాడు. గొడవ ముదిరి, స్వయం అంటే ఎవరో నిర్వచనం పంపమని పరాంకుశం గారు హెడ్డాఫీసును కోరారు. జవాబు మర్నాటికే వచ్చింది. స్వయం అనగా ఆ వాహనం ఆర్సీ కార్డుపై ఎవరి పేరు కలదో వారు.

ఇక చూడాలి మా బంకు వైభవం. మా వైపు సగం బండ్లు నడిపేవాళ్ల పేరున ఉండవు. అత్తగారి పేరున స్కూటరున్న అల్లుళ్లు అత్తగార్లను వెనకెక్కించుకుని వచ్చారు. ఆ పెద్దావిడలు ఆకుపచ్చ గడిలో నిలబడి పసుపు గడికి నమస్కారం పెట్టబోయి, అల్లుడికి దణ్ణం పెడుతున్నామేమోనని చేతులు వెనక్కి తీసుకునేవాళ్లు. ఒకాయన గోడ మీద దండేసిన నాన్నగారి ఫోటోను దించి తీసుకొచ్చాడు. బండి ఇంకా ఆయన పేరునే ఉందట. పరాంకుశం గారు ఫోటోను గడిలో నిలబెట్టించి, చాలాసేపు ఓపిగ్గా ఎదురుచూసి, సేవకుడు నమస్కారం చెప్పనందున అమ్మకం కుదరదన్నారు.

నాకు ఒళ్లు మండిపోయేది. పెట్రోలు బంకులో కోప్పడకూడదు కాబట్టి గదిలోకి వెళ్లి తలుపేసుకుని తిట్టుకునేవాణ్ని. అమ్మకాలు పడిపోయిన సంగతి అలా ఉంచండి. నెలాఖరు దగ్గరపడుతోంది. పరాంకుశం గారి కారు వెనక అద్దంలోంచి ప్లాస్టిక్ కవరులో శాలువా కనబడుతోంది. పైడమ్మ కూడా దాన్ని చూసింది. గోరింటాకు రంగు శాలువా, అంచు బాగుంది. ఆవిడ చేతులు వెనక ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. ఆ మనిషి మాట్లాడకుండా ఉంటే నాకు భయమేసింది, జాలి కూడా వేసింది. ఇంటికెళ్లి గుర్రయ్యకేం చెబుతావని అడిగితే, ఆడికి సెప్తే సలహా ఇత్తాడు బాబూ, అందుకే సెప్పనేదు అంది.

నెలకు ఇక ఒక్కరోజే మిగిలిందనగా మదనగోపాలస్వామి వారి వ్యాను వచ్చింది.

రేగిపాలెం గుడికి ఒక వ్యానుంది. ఏటా స్వామివారు అందులోనే పక్క ఊళ్లో అమ్మవారి కల్యాణానికి వెళతారు. ఆ వేళ ముహూర్తానికి బయల్దేరబోతే బండిలో పెట్రోలు లేదు. బంకు సంగతులు తెలుసు కాబట్టి గుడివాళ్లు ముందు ఆర్సీ తీసి చూసుకున్నారు. అందులో యజమాని పేరు శ్రీ మదనగోపాలస్వామి వారు అని ఉంది. చేసేదేముంది, స్వామివారినే ఎక్కించుకుని, ఊరంతా కలిసి వ్యాను తోసుకుంటూ బయల్దేరారు. ముందు సన్నాయి, వెనక డప్పులు, మధ్యలో పూలదండల్లో స్వామి. హైవే మీద లారీలు ఆగిపోయి, డ్రైవర్లు దిగి దణ్ణాలు పెట్టారు. వ్యాను వచ్చి పంపు ముందు ఆగింది.

పరాంకుశం గారు ఆర్సీ అందుకుని చదివారు. మళ్లీ చదివారు. స్వతహాగా భక్తిపరుడు. జోళ్లు విప్పేశారు, చేతులు జోడించారు, కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి నిబంధన ఎదురుగానే ఉంది. అర్చకులు శేషాచార్యులు గారి వైపు తిరిగి, స్వామివారు ఒక్కసారి ఆకుపచ్చ గడిలోకి వేంచేయవలెనని చాలా వినయంగా మనవి చేశారు.

శేషాచార్యులు గారు ముక్కున వేలేసుకున్నారు. తర్వాత నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు.

“నాయనా, స్వామివారు తమ పనులు తాము చేసుకోరు. మేలుకొలిపేది మేము, స్నానం చేయించేది మేము, ఆరగింపు పెట్టేది మేము, పవళింపజేసేది మేము. ఆయనే అన్నీ చేసుకోవడం మొదలెడితే మేమెందుకు?”

“అదే నానూ అడుగుతన్నాను బాబూ, నెల్రోజుల కాణ్ణుంచి” అంది వెనకనుంచి పైడమ్మ.

జనం గొల్లుమన్నారు. ముహూర్తం దాటిపోతోందని ఒకరు, స్వామిని రోడ్డు మీద నిలబెట్టినవాణ్ని ఏం చెయ్యాలని ఒకరు అడగడం మొదలుపెట్టారు. పరాంకుశం గారు గాలి మిషను చాటుకు వెళ్లి హెడ్డాఫీసుకు ఫోన్ చేశారు. అటునుంచి కాసేపు పాట వినిపించింది. తర్వాత ఒకరి నుంచి ఒకరికి ఫోన్ మారింది. చివరికి తేలిందేమిటంటే, దేవుడు నిబంధన పాటించలేదని నివేదికలో రాయడానికి వీల్లేదు, నిబంధన సడలించారని రాయడానికీ వీల్లేదు, పథకం నూటికి నూరు శాతం నెగ్గి తీరాలి. మిగతాది వారి విచక్షణకు వదిలేశారు.

విచక్షణ ఉపయోగించి చాలాకాలమైనట్టుంది, పరాంకుశం గారికి చెమటలు పట్టాయి. అయినా మనిషి అధికారి. అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి నా చేత రాయించారు. “స్వయముగా సేవించుకొను అలవాటు లేని వారి పక్షమున, వారి స్వయముగా వ్యవహరించుటకు ఒకరిని నియమించుకొనవచ్చును. సదరు వ్యక్తి నాజిల్ పట్టియున్నంతసేపు ఆ వాహన యజమానిగానే పరిగణింపబడవలెను.”

స్వామివారి స్వయంగా ఉండమని శేషాచార్యులు గారిని అడిగారు. పెట్రోలు వాసన పడితే మళ్లీ స్నానం చెయ్యకుండా స్వామిని తాకకూడదని ఆయన ఒప్పుకోలేదు. ఊళ్లో పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దేవుడి తరఫున ఆ గడిలో నిలబడి, పొరపాటున పంచె మీద చిందితే తర్వాత విచారణ ఎవరు భరిస్తారు? అందరూ మెల్లగా ఒక అడుగు వెనక్కి వేశారు. వెయ్యనిది పైడమ్మ ఒక్కతే. వెనక ఉన్న చేతులు ముందుకు తీసి, కొంగుతో తుడుచుకుని, నాజిల్ అందుకుంది.

“జీరో సూసుకో సామీ” అంది.

స్వామివారు చూశారని శేషాచార్యులు గారు చెప్పారు. సన్నాయి ఎత్తుకుంది. ట్యాంకు నిండింది. స్వామి బయల్దేరి వెళ్లారు.

వ్యాను మలుపు తిరిగిందో లేదో, ఎరువుల కొట్టు అప్పన్న మోటారు సైకిలు తోసుకుంటూ ముందుకొచ్చాడు. తనకూ స్వయంగా సేవించుకునే అలవాటు లేదన్నాడు. ఇంట్లో మంచినీళ్లు కూడా ముంచుకుని ఎరగనన్నాడు. దానికి వాళ్లావిడ సాక్ష్యం చెప్పింది. పైడమ్మను తన స్వయంగా నియమించుకుంటున్నానన్నాడు. ఉత్తర్వులో దేవుడికి మాత్రమే అని ఎక్కడా లేదు, నేనే రాశాను కాబట్టి నాకు బాగా తెలుసు. పరాంకుశం గారు కాగితం తిప్పి తిప్పి చూసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. సాయంత్రానికి మా మండలంలో అలవాటున్నవాడు ఒక్కడూ మిగల్లేదు. తవిటయ్య మాస్టారు కూడా వచ్చారు. పైడమ్మకు నియామకం ఇస్తూనే, ఇదివరకు తన దగ్గర పనిచేసినవాడిలా నిర్లక్ష్యంగా ఉంటే ఊరుకోనని హెచ్చరించారు.

నెలాఖరున నివేదిక వెళ్లింది. రేగిపాలెం అడ్డరోడ్డులో నాజిల్‌ను యజమానులు తప్ప ఎవరూ తాకలేదు. ఇదొక్కటీ పచ్చి నిజం, ఉత్తర్వు ప్రకారం. మర్నాడు సిబ్బందిలోని పైడమ్మకు పరాంకుశం గారు శాలువా కప్పి, ఆవిడ సేవలు ఇక అవసరం లేవని ఉపన్యాసమిచ్చి, ఘనంగా సాగనంపారు. ఆవిడ శాలువా మడిచి ఆఫీసు గదిలో మేకుకు తగిలించి, పంపు దగ్గరికి వెళ్లి నిలబడింది. జీతం నేనిస్తున్నదే కాబట్టి ఇస్తూనే ఉన్నాను. నాకు చాలా రోజుల తర్వాత మనసు కుదుటపడింది.

అక్కడితో అయిపోయిందనుకుంటే కబురొచ్చింది. ఆదర్శ బంకును కళ్లారా చూడడానికి పెద్దాయనే స్వయంగా వస్తున్నారట. వెంట కంపెనీ పెద్దలు, ఫోటోలు తీసేవాళ్లు. పథకం అమల్లో ఉన్న బంకులో ఒకావిడ నిలబడి అందరికీ పోస్తుంటే చూసి ఆయన ఏమంటాడు? బంకు పోతుంది, పైడమ్మ పోతుంది, ఈసారి శాలువా కూడా ఉండదు. ఆ ఒక్కపూట రావద్దని పైడమ్మను అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, నాను రాకపోతే ఆలకి పెట్రోలెవుడు పోత్తాడు బాబూ అంది.

పెద్దాయన వచ్చారు. తెల్లటి మనిషి, మెత్తటి మాట. గొడుగు పట్టేవాడొకడు, ఫోన్ పట్టుకునేవాడొకడు, కళ్లజోడు పెట్టె పట్టుకునేవాడొకడు వెంట ఉన్నారు. కారు దిగి పంపుల వైపు చూశారు. మోటారు సైకిలు మీద అప్పన్న కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పైడమ్మ పోస్తోంది.

ఆవిడెవరని పెద్దాయన అడిగారు.

“వినియోగదారు సార్” అన్నారు పరాంకుశం గారు.

“మరి బండి మీద కూర్చున్నాయన?”

పరాంకుశం గారు జేబు తడుముకున్నారు. ఉత్తర్వు గుర్తు తెచ్చుకున్నారు.

“ఆవిడకు తోడు వచ్చారు సార్.”

పెద్దాయన ముగ్ధులయ్యారు. ఒక గ్రామీణ మహిళ, బండిని తోడుగా వచ్చినవాడికి అప్పగించి, తాను నిలబడి తన పెట్రోలు తాను పోసుకోవడం విదేశాల్లో కూడా చూడలేదన్నారు. ఫోటోలు తీయించారు. అప్పన్న బొడ్డు లోపలికి లాక్కుని నిటారుగా కూర్చున్నాడు. తర్వాత పెద్దాయన సరాసరి పైడమ్మ దగ్గరికే నడిచారు. పరాంకుశం గారు వెనకాలే పరిగెత్తారు. నేను పంపును పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ నోటి సంగతి మాకు తెలుసు. తనకు బండీ లేదు, ఆర్సీ లేదు, ఇంటి నుంచి బంకుకు నడిచే వస్తుంది. ఆ మాట ఒక్కటి అంటే చాలు, అంతా తెల్లారిపోతుంది.

“ఎవరి మీదా ఆధారపడకుండా మీరే పోసుకుంటున్నారు కదమ్మా, ఎలా ఉంది?” అని అడిగారాయన.

పైడమ్మ నాజిల్ దులిపి, యథాస్థానంలో పెట్టి, ఆయన్ను తేరిపార చూసింది.

“నా పని నాను సేసుకుంతన్నాను బాబూ. ఎవులూ నా సేతిలోంచి లాక్కోకుంటే సాలు.”

పెద్దాయన ఫోన్ పట్టుకునేవాణ్ని పిలిచి ఆ మాట రాసుకోమన్నారు. ఈ ఒక్క మాటలో పథకం సారాంశమంతా ఉందని, దీన్ని ప్రతి బంకులోనూ పెద్ద అక్షరాలతో రాయించమని ఆదేశించారు. ఆవిడ ఫోటో కూడా వెయ్యమన్నారు, కింద మన వినియోగదారు అని. పరాంకుశం గారి భుజం తట్టారు. పక్కనున్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. అప్పన్న కూడా కొట్టాడు.

తర్వాత పెద్దాయన కారెక్కి వెనక సీట్లో కూర్చున్నారు. గొడుగువాడు తలుపేశాడు. కారు కదలబోయి ఆగింది. బండిలో పెట్రోలు అడుగంటిందని డ్రైవరు చెప్పినట్టున్నాడు. వెనక అద్దం కొంచెం కిందికి దిగింది.

“ఫుల్ ట్యాంక్ చెయ్యమ్మా” అన్నారు పెద్దాయన.

పైడమ్మ నాజిల్ అందుకుంది.